జైలు నుంచి వచ్చినవాళ్లకూ గది అద్దెకివ్వండి!

ఎడ్లపాడు ఇళ్ల యజమానులారా! అన్నలారా, అక్కలారా!

హైవే పక్క స్పిన్నింగ్ మిల్లులు, వంకాయలపాడు స్పైసెస్ పార్కు పుణ్యమా అని మన దగ్గర అద్దె గదులకు గిరాకీ ఉంది. వచ్చినవాణ్ణి ఏ ఊరు, ఏం పని, ఎంతమంది ఉంటారని అడుగుతాం. అడగాల్సిందే. కానీ "జైలుకెళ్లొచ్చాడంట" అని ఎవరో చెవిన వేస్తే చాలు, తీసుకున్న అడ్వాన్సు తిరిగి చేతిలో పెట్టి "మా అమ్మాయి వాళ్లొస్తున్నారు, గది మాకే కావాలి" అంటాం. మర్నాడు కూడా గేటుకు టులెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది!

జైలుకెళ్లినవాళ్లంతా నేరం రుజువైనవాళ్లు కాదు. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. పల్నాడు వాళ్లకు ఇది ఒకరు చెప్పాలా? గొడవ ఒకచోట, కేసులో పేర్లు వీధంతా. 2024 మే 13 ఎన్నికల పోలింగు తర్వాత గొడవలతో జిల్లాలో 144 సెక్షన్ పెట్టిన రోజులు మరిచిపోయారా? కేసున్నవాడికి ఇల్లు ఇవ్వం అంటే మాచర్ల, గురజాల వైపు ఎంతమంది చెట్ల కింద కాపురం పెట్టాలో!

నిజంగానే తప్పు చేసి, శిక్ష పడి, అనుభవించి వచ్చినవాడైతే? కోర్టు వేసిన శిక్ష అయిపోయింది. దానిమీద ఇంకో శిక్ష వేయడానికి మనమెవరం? నిలవడానికి నీడ లేనివాడికి మిల్లులో పని దొరకదు, కేసు ఇంకా నడుస్తుంటే బెయిలుకు చిరునామా చూపలేడు. చివరికి వాణ్ణి రమ్మనేది పాత ముఠా ఒక్కటే. ఇక మొగుడు సబ్‌జైల్లో ఉన్నాడని పిల్లలతో ఉన్న ఆడమనిషిని ఖాళీ చేయించడం ఘోరం.

ఎరుకల వంటి తెగలపై పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లోనే రద్దయింది. ఎరుకల కుటుంబం అద్దెకొస్తే కేసుందా అని కూడా అడక్కుండా తలుపేసేవాళ్లు మాత్రం ఇంకా ఉన్నారు.

పోలీసులు అద్దెకున్నవాళ్ల వివరాలు అడిగితే ఇవ్వండి. ఆధార్ నకలు తీసుకోండి, అగ్రిమెంటు రాయించుకోండి. పాత కేసున్నవాడికి ఇల్లివ్వకూడదని మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. అందరి దగ్గర తీసుకునే అడ్వాన్సే తీసుకోండి. ఖాళీ చేయించాల్సి వస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు నెలవారీ అద్దెకైనా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి.

అద్దెకున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రాత్రికి రాత్రి సామాన్లు బయట పడేస్తే ఊరుకోకండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.

ఇట్లు,
ఎడ్లపాడు గ్రామస్తులం కొందరం