రివర్సర్‌కి ఒక్క బటన్ చాలా?

ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ పెట్టుకునేవాళ్ల మధ్య ఒక మాట శాసనంలా చలామణీ అవుతోంది: "రివర్సర్‌దేముంది, దానికో బటన్ కేటాయించి పడెయ్." ఈ మాట అనేవాళ్లు తక్కువవాళ్లేం కాదు. చీకటి కాక్‌పిట్‌లో బ్యాటరీ స్విచ్‌తో మొదలుపెట్టి, ఏపీయూ, ఫ్యూయల్ పంపులు, హైడ్రాలిక్స్ అంటూ చెక్‌లిస్టులో ఒక్క అంశం కూడా వదలనివాళ్లు. వాతావరణం దగ్గర్నుంచి ప్రయాణికుల బరువు దాకా అసలు లెక్కలు కావాలనేవాళ్లు. అంత నిష్ఠా చక్రాలు రన్‌వేని తాకగానే ఎగిరిపోతుంది. కీబోర్డు మీద ఎఫ్2 నొక్కి పట్టుకుంటారు, ఇంజన్ గర్జిస్తుంది, విమానం ఆగుతుంది. పని అయిపోయింది కదా అంటారు. కాలేదని నా వాదన.

దిగాక ఇంజన్ గాలిని ముందువైపు మళ్లించి విమానం ఆగడానికి సాయపడేదే రివర్సర్. అసలు విమానంలో దాని లీవర్ ఏం చేస్తుందో చూద్దాం. బోయింగ్ 737లో ప్రతి థ్రస్ట్ లీవర్‌కీ ముందువైపు ఒక చిన్న రివర్స్ లీవర్ ఉంటుంది. థ్రస్ట్ లీవర్ పూర్తిగా ఐడిల్‌కి, అంటే కనిష్ఠ శక్తికి, వస్తే తప్ప అది పైకి లేవదు. లేచాక థ్రస్ట్ లీవర్ ముందుకు కదలదు. వేళ్లతో వెనక్కి లాగితే మొదట ఒకచోట ఆగుతుంది. ఇంజన్ చుట్టూ ఉన్న తొడుగు వెనక్కి జరిగి, ఫ్యాన్ గాలికి ముందువైపు దారి ఏర్పడేదాకా ఇంకా లాగనివ్వదు. అంటే ఆ లీవర్ సగం పని ఆజ్ఞ ఇవ్వడమైతే, మిగతా సగం అడ్డుపడడం. బటన్ దేనికీ అడ్డుపడదు. నియంత్రణలోని ప్రాణం అక్కడే పోయింది.

అంతకన్నా చేటు టోగుల్ పద్ధతి. ఒకసారి నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది. ఇప్పుడు తెరిచి ఉందా మూసి ఉందా అన్నది చేతికి తెలియదు, తెర మీద వెతుక్కోవాలి. పైగా ఎక్స్‌ప్లేన్ సిమ్యులేటర్‌లో టోగుల్ చేశాక థ్రాటిల్ ముందుకు తోస్తేనే రివర్స్ థ్రస్ట్ పెరుగుతుంది. నిజమైన కాక్‌పిట్‌లో వెనక్కి లాగాల్సిన పనికి ఇంట్లో ముందుకు తోయడం నేర్చుకుంటున్నాం! రోజూ చేసే పొరపాటుకు సాధన అని పేరు పెట్టుకుంటే ఎలా?

"గేమే కదా, ఇంత గొడవెందుకు?" అనేవాళ్లకు మంగళూరు గుర్తు చేయాలి. 2010 మే 22న దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 విమానం టేబుల్‌టాప్ రన్‌వే దాటి లోయలో పడింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. సరైన ఎత్తులో, వేగంలో లేని అప్రోచ్‌ను వదిలేయకుండా కొనసాగించడమే విచారణలో తేలిన ప్రధాన కారణం. దాంతోపాటు, దిగాక రివర్సర్లు తెరిచి కూడా కెప్టెన్ మళ్లీ గాల్లోకి లేవబోయాడనీ తేలింది. రివర్సర్ తెరిచాక ఇక ఆగడమే తప్ప లేవడం లేదన్నది బోయింగ్ విధించిన నియమం. లీవర్ లేపడమంటే ఆ నిర్ణయం తీసుకోవడమే. బటన్‌తో నేర్చుకున్న చేతికి అది వెనక్కి తీసుకోదగ్గ పనిలా కనిపిస్తుంది.

ఒకే బటన్‌తో రెండు ఇంజన్లనూ తిప్పేయడం మరో పొరపాటు. 2007 జులై 17న సావోపావ్లోలోని కాంగోన్యాస్ విమానాశ్రయంలో టామ్ సంస్థ ఎయిర్‌బస్ ఎ320 రన్‌వే దాటి భవనాన్ని ఢీకొంది. 199 మంది పోయారు. ఆ విమానంలో కుడి ఇంజన్ రివర్సర్‌ను ముందే పనిచేయకుండా ఆపి ఉంచారు. దిగాక ఎడమ లీవర్ రివర్స్‌లోకి వెళ్లింది, కుడి లీవర్ మాత్రం క్లైంబ్ స్థానంలోనే ఉన్నట్టు రికార్డయింది. దాంతో రెక్కల మీది స్పాయిలర్లు లేవలేదు, ఆటోబ్రేక్ పనిచేయలేదు. రెండు లీవర్లు రెండు చోట్ల ఉండటం ఎంత ప్రమాదమో తెలియాలంటే, ముందు మన బల్ల మీద రెండు లీవర్లు ఉండాలి.

"మంచి మోడల్ అయితే గాల్లో రివర్స్‌ను సాఫ్ట్‌వేరే ఒప్పుకోదుగా" అన్నది బటన్ చాలనేవాళ్ల గట్టి వాదన. నిజమే. కానీ సాఫ్ట్‌వేర్ కాదన్న సంగతి వేలికి తెలియదు. నొక్కాను, ఏమీ కాలేదు, అంతే. లేవని లీవర్ చెప్పే పాఠం వేరు.

ఇక ఖర్చు సంగతి. ఖరీదైన క్వాడ్రంట్ (థ్రాటిల్ లీవర్ల పెట్టె) కొనాల్సిన పనే లేదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక ఆర్డుయినో లియొనార్డో బోర్డు, రెండు పొటెన్షియోమీటర్లు, రెండు మైక్రోస్విచ్‌లు తెచ్చుకుంటే కంప్యూటర్ దాన్ని జాయ్‌స్టిక్‌గానే గుర్తిస్తుంది. లీవర్ స్థానం 0 నుంచి 1023 దాకా అంకెగా వస్తుంది. ఐడిల్‌లో కదలకుండా పెట్టినా ఆ అంకె సున్నా దగ్గర నిలబడదు, కాస్త అటూ ఇటూ ఊగుతుంది. అందుకని ముప్ఫై లోపు ఎంత వచ్చినా ఐడిల్ అనే రాసుకోవాలి. అప్పుడు రెండు షరతులు చాలు: అంకె ముప్ఫై దాటి ఉంటే రివర్స్ స్విచ్‌ను లెక్కచేయకూడదు, స్విచ్ నొక్కి ఉన్నంతసేపూ థ్రాటిల్‌ను సున్నాగానే పంపాలి. సిమ్యులేటర్‌లో టోగుల్ ఆజ్ఞ కాకుండా పట్టుకుని ఉంచే ఆజ్ఞ ఎంచుకోవాలి. ఓపిక ఉంటే, రివర్స్ లీవర్ లేచినప్పుడు దాని తోక కింది పట్టీ గాటులో పడేలా ఒక రేకు ముక్క బిగించండి. అప్పుడు అడ్డు కోడ్‌లోనే కాదు, చేతికీ తగులుతుంది.

క్వాడ్రంట్ కొన్నవాళ్లు గెలిచామనుకోవద్దు. ఎయిర్‌బస్ తరహా క్వాడ్రంట్‌లో రివర్స్ స్థానం ఐడిల్ గాటుకు కిందే ఉంటుంది. మొత్తం కదలికను సున్నా నుంచి నూరుగా వదిలేస్తే, లీవర్ ఐడిల్ గాటులో ఉన్నా ఇంజన్‌కు కొంత శక్తి అందుతూనే ఉంటుంది. గాటు దగ్గరి అంకెను సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరే.

బటన్ చాలనేవాళ్లలో మరో భ్రమ కూడా ఉంది: రివర్సరే బ్రేకు అని. పొడి రన్‌వే మీద ఎంత దూరంలో ఆగాలో ధ్రువీకరించే లెక్కల్లో రివర్స్ థ్రస్ట్‌ను కలపరు. నాలుగు ఇంజన్ల ఎ380లో రెండింటికే రివర్సర్లున్నాయి. రివర్సర్ బలమంతా ఎక్కువ వేగంలోనే, అది ఎక్కువగా అక్కరకొచ్చేది తడి రన్‌వే మీద. 737లో 60 నాట్ల దగ్గర నుంచి దాన్ని తగ్గించుకుంటూ రావాలి. టాక్సీవే మలుపు దాకా పూర్తి రివర్స్‌లో గర్జిస్తూ వెళ్లడం సాధన కాదు, చప్పుడు సరదా.

సెస్నా 172 నడిపేవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు, దానికి రివర్సరే లేదు. సరదాకి ఓ సాయంత్రం కీబోర్డుతో ఎగిరేవాళ్లతోనూ నాకు పేచీ లేదు. నా పేచీ అచ్చం అసలులా ఉండాలని పట్టుబడుతూనే దీన్ని మాత్రం లెక్కచేయనివాళ్లతో. తెర ఎంత పెద్దదైనా కన్నునే నమ్మిస్తుంది. తొందరపాటులో పనిచేసేది చెయ్యి. కొత్త తెరకు దాచిన డబ్బులో పదో వంతైనా ముందు ఆ రెండు లీవర్ల మీద పెట్టండి.