పట్టుబడేది మోసేటోడే

మల్కన్‌గిరి దిక్కు నుంచి వచ్చే గంజాయి భద్రాచలం మీదుగ హైదరాబాద్‌కు, మహారాష్ట్రకు పోతది. చెక్‌పోస్టు కాడ దొరికేదెవరు? బండి నడిపే పోరగాడు. పంపినోడు, కొన్నోడు తెర వెనకనే ఉంటరు.

1985 ఎన్‌డీపీఎస్ చట్టం కింద 20 కిలోలు దాటితే తక్కువల తక్కువ 10 ఏండ్ల జైలు, లక్ష జరిమానా. బెయిలు దొరుకుడు కష్టం. ‘బ్యాగుల ఏముందో నాకు తెల్వదు’ అంటే, ఆ తెల్వదన్నది కూడా నువ్వే రుజువు చేసుకోవాలె.

2025ల సర్కారు నార్కోటిక్స్ బ్యూరోను ‘ఈగల్’ చేసింది. సమాచారమిచ్చేటందుకు 1908 నంబరుంది. మంచిదే. కానీ పట్టుకునుడు ఒక్కటే సరిపోదు. కొనేటోడు ఉన్నన్నాళ్లు మోసేటోడు పుడుతనే ఉంటడు.

అదే చట్టంల 64ఎ సెక్షనుంది. కొద్దిపాటి సరుకుతోని దొరికిన అలవాటుపడ్డోడు తనంతట తాను చికిత్సకు ఒప్పుకుంటే కేసు నుంచి మినహాయింపు దొరుకుతది. సాయానికి 14446. జైలు భయంతోపాటు ఈ దారి కూడా దుమ్ముగూడెం, చర్ల ఊర్లల్ల చాటింపు వెయ్యాలె.