పచ్చికపై కలుపుమందు: డబ్బా మీది హెచ్చరిక పిల్లలకు చేరేదెలా?

వానలు మొదలవగానే నగరాల్లోని పార్కులు, గేటెడ్ కమ్యూనిటీల పచ్చికబయళ్లలో తుంగ, వయ్యారిభామ ఏపుగా పెరుగుతాయి. కూలీలతో పీకించడం కంటే కలుపుమందు చల్లించడమే నిర్వాహకులకు తేలిక. ఉదయం మందు పడిన గడ్డి మీదే సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు, పెంపుడు కుక్కలు పొర్లుతాయి.

గ్లైఫోసేట్‌ను లైసెన్సు పొందిన చీడ నియంత్రణ నిర్వాహకులు మాత్రమే వాడాలని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. మందు ఎవరు చల్లాలన్నది దాంతో తేలింది. చల్లిన చోటికి ఇతరులు ఎప్పుడు రావచ్చన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది.

పురుగుమందుల డబ్బాలపై విష తీవ్రతను తెలిపే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు 1971 నాటి నిబంధనల ప్రకారం తప్పనిసరి. ఆకుపచ్చ అంటే విషం లేదని కాదు, తక్కువని మాత్రమే. అయితే రైతు ఆ డబ్బాను స్వయంగా చూస్తాడు. అపార్ట్‌మెంటు వాసి చూడడు. మందు ట్యాంకులో నీళ్లతో కలిసిన క్షణంలోనే హెచ్చరిక అతనికి దూరమవుతుంది.

పిల్లలు నేలకు దగ్గరగా ఆడతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు, శరీర బరువుతో పోలిస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. కుక్కలు పాదాలను నాకుతాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో స్కాటిష్ టెర్రియర్ జాతి కుక్కలపై ప్రచురించిన అధ్యయనంలో, కొన్ని రకాల కలుపుమందులు చల్లిన పచ్చికల్లో తిరిగిన వాటికి మూత్రాశయ క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించింది. మందే కారణమని దాంతో రుజువైనట్లు కాదు. కానీ జాగ్రత్తకు ఆ మాత్రం ఆధారం చాలు.

ద్రావణంగా చల్లిన మందు పూర్తిగా ఆరేవరకు గడ్డిపైకి ఎవరినీ రానివ్వకూడదన్నది కనీస నియమం. గుళికలైతే నీరు పెట్టి, గడ్డి ఆరాక మాత్రమే అనుమతించాలి. డబ్బాపై అంతకంటే ఎక్కువ గడువు ఉంటే దానినే పాటించాలి. ఆరడమంటే మందు మాయమవడం కాదు. చెప్పులతో, కుక్కల పాదాలతో ఇంట్లోకి చేరిన అవశేషాలు ఎండ, వాన తగలని తివాచీల్లో నెమ్మదిగా విచ్ఛిన్నమవుతాయి. గుమ్మం బయటే చెప్పులు విడిచే మన అలవాటు ఇక్కడ పనికొస్తుంది. కుక్క పాదాలను మాత్రం కడగాల్సిందే.

ఇతర దేశాలు ఈ బాధ్యతను కుటుంబాలకే వదిలేయలేదు. న్యూయార్క్ రాష్ట్రంలో సంబంధిత చట్టాన్ని స్వీకరించిన కౌంటీల్లో, పచ్చికలపై వాణిజ్య సంస్థలు మందు చల్లితే పొరుగువారికి 48 గంటల ముందే తెలపాలి. కెనడాలోని హడ్సన్ అనే చిన్న పట్టణం 1991లోనే అందం కోసం వాడే పురుగుమందులను నిషేధించింది. పచ్చిక సంరక్షణ సంస్థలు కోర్టుకెక్కగా, 2001లో ఆ దేశ సుప్రీంకోర్టు పట్టణం పక్షానే నిలిచింది. అంటారియో రాష్ట్రం 2009లో అలాంటి నిషేధాన్నే తెచ్చింది.

హడ్సన్‌లో ఆ నిర్ణయం తీసుకున్నది పార్లమెంటు కాదు, మున్సిపల్ కౌన్సిల్. భారత్‌లోనూ పార్కులు పురపాలక సంస్థల చేతిలో, ఆవరణలు నివాసితుల సంఘాల చేతిలో ఉన్నాయి. మందు పేరు, చల్లిన వేళ, తిరిగి ప్రవేశించగల సమయం రాసిన బోర్డు పెట్టాలని నిర్వహణ కాంట్రాక్టులో ఒక వాక్యం చేర్చడానికి కొత్త చట్టం కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.