రోజీని తరిమిన ఊరికి గుంపుగా పోదాం

"ఇంకా ఉద్యోగాల్లేవు, మీకు సినిమా పండగలెందుకు?" డిసెంబర్‌లో తిరువనంతపురం ఫిల్మ్ ఫెస్టివల్‌కు పోదామని మా పిల్లలు అడిగితే వచ్చిన జవాబిది. డబ్బున్న ఇంటి పిల్లవాణ్ని ఈ మాట ఎవరూ అడగరు. వాడు పోతే అభిరుచి, మనం పోతే దుబారా!

ఆ ఊరే ఎందుకు? మలయాళ తొలి మూకీ 'విగతకుమారన్' మొదట ఆడింది అక్కడే. అందులో నాయర్ స్త్రీగా నటించిన పి.కె. రోజీ దళిత మహిళ. అది ఓర్వలేక అగ్రకులాల వాళ్లు తెర మీద రాళ్లు వేశారు. ఆమె ఊరు విడిచి పారిపోవాల్సి వచ్చింది. ఆ సినిమా ప్రింటు కూడా మిగల్లేదు. ఆ ఊళ్లో పాస్ మెడలో వేసుకుని మన పిల్లలు కూర్చోవడం నా దృష్టిలో వినోదం కాదు, బాకీ వసూలు.

గుంపుగా ఎందుకు? మొదటిసారి నేనొక్కణ్నే పోయాను. ఇంగ్లీషుకు జంకి, ఒక్క ప్రశ్నా అడగకుండా తిరిగొచ్చాను. పదిమంది పోతే రాత్రి గదిలో చర్చ నడుస్తుంది, మర్నాడు దర్శకుణ్ని నిలదీసే ధైర్యం వస్తుంది. తోడుంటే ఆడపిల్లల్నీ ఇంట్లో పంపుతారు.

ఆ నెలలో శబరి ఎక్స్‌ప్రెస్ అయ్యప్ప స్వాములతో నిండిపోతుంది. 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన రోజే స్లీపర్ టికెట్లు తీయాలి. విద్యార్థులకు పాస్ ధర తక్కువే. మరి మిగతా ఖర్చు? జయంతి ఫ్లెక్సీల డబ్బులో సగం ఇటు మళ్లిద్దాం. చదువు, సమీకరించు అన్న బాబాసాహెబ్ కాదంటాడా?

జై భీమ్.