ఫైర్‌ఫాక్స్‌పై పాత యూజర్ల కోపం ఎందుకు? తెలుగు పేపర్లు చదివించిన బ్రౌజర్‌కు ఏమైంది?

అశ్వారావుపేట: పామాయిల్ తోటల ఊరు అశ్వారావుపేటలో ఇప్పుడు ఇంటర్నెట్ అంటే చేతిలో ఫోనే. ఫోన్ అంటే ఎక్కువగా ఆండ్రాయిడ్.. ఆండ్రాయిడ్ అంటే అందులో ముందే వేసి ఉండే క్రోమ్. భూమి రికార్డు చూడాలన్నా, వ్యవసాయ కాలేజీ విద్యార్థి రిజల్ట్ చూసుకోవాలన్నా వేలు దానిమీదకే పోతుంది. ఫైర్‌ఫాక్స్ అన్న పేరు ఈ తరంలో చాలామందికి కొత్తే. నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి కూర్చున్న తరానికి మాత్రం ఆ నారింజ రంగు నక్క బొమ్మ బాగా గుర్తు. అప్పట్లో దాన్ని ఇష్టంగా వాడినవాళ్లకే ఇప్పుడు దానిమీద ఎక్కువ కోపం.

2004 నవంబరులో ఫైర్‌ఫాక్స్ తొలి వెర్షన్ వచ్చేనాటికి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌దే రాజ్యం. తెలుగువాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉండేది. ఈనాడు, వార్త లాంటి పత్రికల సైట్లు యూనికోడ్‌లో కాకుండా సొంత ఫాంట్లతో నడిచేవి. ఆ ఫాంటు తనంతట తాను దిగి అక్షరాలు కనిపించేది ఎక్స్‌ప్లోరర్‌లోనే. మిగతా బ్రౌజర్లలో అర్థంకాని గుర్తులే. దీనికి పరిష్కారం మైక్రోసాఫ్ట్ చూపలేదు, పత్రికలూ చూపలేదు. నాగార్జున వెన్న అనే తెలుగు ప్రోగ్రామర్ 'పద్మ' అనే యాడ్-ఆన్ రాశారు. ఫైర్‌ఫాక్స్‌లో దాన్ని వేసుకుంటే చాలు.. ఆ గుర్తులన్నీ చక్కటి యూనికోడ్ తెలుగులోకి మారిపోయేవి. బ్రౌజర్ మెనూలను కూడా వాలంటీర్లే తెలుగులోకి తెచ్చారు. అవసరమైనవాడే వచ్చి బాగుచేసుకునే వీలు ఉండటం.. ఫైర్‌ఫాక్స్ అంటే జనానికి ఇష్టం అక్కడే పుట్టింది.

2009 చివరికి ప్రపంచవ్యాప్తంగా దాని వాటా దాదాపు 32 శాతం అని స్టాట్‌కౌంటర్ లెక్క. ఇప్పుడు ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ కలిపినా 2-3 శాతం దగ్గర ఉంది.

మరి ఎక్కడ తేడా కొట్టింది? 2008లో గూగుల్ క్రోమ్ దిగింది. దాని వేగం చూసి మొజిల్లా కంగారు పడింది. 2011లో ఒక్క ఏడాదిలోనే వెర్షన్ 4 నుంచి 9 దాకా వరుసగా వదిలింది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక యాడ్-ఆన్ పనిచేయకపోవడం యూజర్లకు మామూలైపోయింది. అసలు దెబ్బ 2017 నవంబరులో పడింది. 'క్వాంటమ్' పేరుతో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి యాడ్-ఆన్లను పూర్తిగా ఆపేసింది. పద్మను కట్టింది కూడా ఆ పాత పద్ధతిలోనే.

మొజిల్లా చెప్పిన కారణంలో అబద్ధం లేదు. పాత యాడ్-ఆన్లు బ్రౌజర్ లోపల ఎక్కడికైనా చొరబడేవి, భద్రతకు ముప్పు, వేగానికి అడ్డు. క్వాంటమ్ నిజంగానే వేగంగా నడిచింది. అయితే అప్పటికి వేగం కావాలనుకున్నవాళ్లు ఎప్పుడో క్రోమ్‌కు వెళ్లిపోయారు. యాడ్-ఆన్ల కోసం ఆగినవాళ్లకు ఆగడానికి కారణం లేకుండా పోయింది.

ఫోన్ల విషయంలోనూ అదే కథ. 2014 ఆగస్టులో ఇంటెక్స్ కంపెనీ ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌తో రూ.1,999కే స్మార్ట్‌ఫోన్ తెచ్చింది. ఆలోచన మంచిదే. కానీ జనం అడిగే యాప్‌లు అందులో లేవు. రెండేళ్లు తిరక్కుండానే మొజిల్లా ఫోన్ల నుంచి తప్పుకుంది. విచిత్రం ఏంటంటే.. అదే కోడ్ మీద ఇంకొకరు కట్టిన కైఓఎస్, 2017లో జియోఫోన్‌లో ఊరూరా తిరిగింది. దాని పునాది ఎవరిదో ఆ ఫోన్ వాడినవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇక డబ్బుల సంగతి. ఫైర్‌ఫాక్స్‌లో సెర్చ్ అంటే గూగుల్ రావడానికి గూగులే మొజిల్లాకు డబ్బు కడుతుంది. ఫైర్‌ఫాక్స్ ఆదాయంలో సుమారు 85 శాతం అక్కడి నుంచేనని 2025 మేలో మొజిల్లా ఆర్థికాధికారే అమెరికా కోర్టులో చెప్పారు. గూగుల్ గుత్తాధిపత్యంపై నడిచిన కేసు అది. ఆ చెల్లింపులు ఆపొద్దని మొజిల్లా కోరుకుంది. సెప్టెంబరులో జడ్జి అమిత్ మెహతా ఏకైక హక్కుల ఒప్పందాలు కుదరవన్నారు కానీ చెల్లింపులకు అడ్డు చెప్పలేదు. మొజిల్లా ఊపిరి పీల్చుకుంది. పోటీదారు పెట్టే కూడుతో పోటీ ఎంతకాలం?

ఈ లోపు మిగిలిన నమ్మకానికీ తూట్లు పడ్డాయి. 2025 ఫిబ్రవరిలో కొత్త షరతులు వచ్చాయి. బ్రౌజర్‌లో యూజర్ టైప్ చేసే సమాచారంపై మొజిల్లాకు లైసెన్స్ ఇచ్చినట్టు అర్థమొచ్చే వాక్యం అందులో ఉంది. మీ డేటా ఎప్పటికీ అమ్మం అన్న పాత హామీ సైట్లోంచి మాయమైంది. గొడవ అయ్యాక కొద్ది రోజుల్లోనే షరతుల మాటలు మార్చారు. డిసెంబరులో కొత్త సీఈవో ఆంథనీ ఎంజర్-డిమియో ఫైర్‌ఫాక్స్‌ను ఏఐ బ్రౌజర్‌గా మారుస్తామన్నారు. మాకెవరికి కావాలన్నారని యూజర్లు మళ్లీ భగ్గుమన్నారు. ఏఐ మొత్తాన్ని ఒకేసారి ఆపేసే స్విచ్ ఇస్తామని కంపెనీ చెప్పాల్సి వచ్చింది.

ఇంత జరిగినా అశ్వారావుపేట లాంటి చోట ఫోన్ వాడేవాళ్లకు దానితో ఒక లాభం ఇంకా ఉంది. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ యాడ్-ఆన్లను రానివ్వదు, ఫైర్‌ఫాక్స్ రానిస్తుంది. యూబ్లాక్ ఆరిజిన్ వేసుకుంటే వీడియో ప్రకటనలు, పాప్-అప్‌లు చాలావరకు ఆగుతాయి. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్‌తో నెట్టుకొచ్చేవాళ్లకు అది నేరుగా డేటా ఆదా. కంప్యూటర్ క్రోమ్‌లో అయితే ఆ పాత యూబ్లాక్‌ను గూగుల్ 2025లో పనిచేయకుండా చేసింది. ఫైర్‌ఫాక్స్‌లో అది ఇంకా నడుస్తోంది.