అయిదు చక్రాలు – అయిదు ఆదివారాలు

మోటారుకారు వున్న ఇంట్లో చక్రానికి జరిగినంత చిన్నచూపు మరి దేనికీ జరగదు. పొద్దున్నే పచ్చగుడ్డ పట్టుకుని బానెట్టు తుడుస్తాం. పాత వార్తాపత్రిక తడిపి అద్దాలు రుద్దుతాం. సీట్లకు కవర్లు, డాష్‌బోర్డుమీద బుల్లి వినాయకుడు, ఆయనకు పండగకో దండ. చక్రం దగ్గరకు వచ్చేసరికి మాత్రం నడుము వంగదు. టైరు ఎంత అరిగిందో చూడడానికైనా పంక్చరు షాపు కుర్రవాడు చెప్పాలి.

మాది కాకినాడ. ఈ వూళ్లో తుప్పు ఇంటిమనిషి లాంటిది. గేటుకు పడుతుంది, కిటికీ చువ్వలకు పడుతుంది, నూతి గిలకకు పడుతుంది, పిలవకుండా వచ్చి భోజనం చేసి పోతుంది. అటువంటి వూళ్లో మా ఇంట 1998 నాటి మారుతి 800 కారు వుంది. ఈ కార్లు మొట్టమొదట 1983 డిసెంబరులో రోడ్డెక్కాయి. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. ఆపేశారని మనవాళ్లు దిగిపోలేదు. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషను తిరగరాయించుకుని, ఆపైన అయిదేళ్లకోసారి మళ్లీ చూపించుకుని, మా వీధిలోనే రెండు నడుస్తున్నాయి. ఒకటి నాది, రెండోది ఎదురింటి మాస్టారిది. ఆయన సంగతి తరవాత వస్తుంది.

ఇనుప చక్రం ఒకే ముక్కలా కనిపిస్తుంది గాని, నిజానికి రెండు ముక్కలు. టైరు కూర్చునే చట్రం ఒకటి, అది రిమ్ము. బోల్టు రంధ్రాలున్న పళ్లెం మరొకటి. రేకు పట్టీని గుండ్రంగా చుట్టి రిమ్ము, రేకును అచ్చులో నొక్కి పళ్లెం చేసి రెంటినీ వెల్డింగుతో కలుపుతారు. ఆ కలిసిన చోటే బురద చేరుతుంది, వాననీరు నిలుస్తుంది. బ్రేకు నొక్కినప్పుడల్లా సన్నటి ఇనుపరజను వేడివేడిగా రాలి రంగుకు అంటుకుంటుంది. రాయి తగిలి ఎక్కడో గోరంత రంగు ఎగిరిపోతుంది. తుప్పుకు ఆ గోరంత చాలు. ఇనుముకంటే తుప్పుకు ఎక్కువ చోటు కావాలి కనక, అది పైనున్న రంగును పొక్కులా లేపుతుంది. పొక్కు చిట్లితే మరికాస్త తడి లోపలికి దిగుతుంది. ఉప్పుగాలి తోడైతే ఇక చెప్పనక్కరలేదు.

“ఇదంతా ఎందుకు నాన్నా, అల్లాయి చక్రాలు వేయించెయ్యి” అన్నాడు మా అబ్బాయి ఫోనులో. వాడిది బెంగుళూరు, వాడికి అన్నీ వేయించెయ్యడమే. నా మట్టుకు నాకు మా రోడ్లకు ఇనుపచక్రమే నమ్మకం. గోతిలో పడితే చాలావరకు సొట్టపోతుందే గాని పగలదు. రంగు పోతే వేసుకోవచ్చు.

అయిదు చక్రాలూ ఒకేరోజు విప్పి, కారును ఇటుకలమీద నిలబెట్టే సాహసం ఎవరూ చెయ్యకండి. ఇటుక చూస్తూండగానే పొడి అవుతుంది. మొదటి ఆదివారం స్టెప్నీకి రంగు వెయ్యాలి. అది వారంరోజులు ఆరుతుంది. రెండో ఆదివారం దాన్ని ఒక చక్రం స్థానంలో బిగించి, విప్పినదానికి రంగు. ఇలా అయిదో ఆదివారానికి అన్నీ అయిపోతాయి, ఆఖరుది స్టెప్నీగా డిక్కీలోకి వెళుతుంది. స్టెప్నీ టైరు కూడా తక్కినవాటి కొలతదే, వాటితో సమానంగా మంచిదే అయినప్పుడే ఈ ఏర్పాటు సుమండీ.

అన్నట్టు, స్టెప్నీ అనేది మన మెకానిక్కులు పుట్టించిన మాటేమో అని చాలాకాలం మా ఆవిడ అనుమానం. కాదు. బ్రిటనులోని వేల్సు దేశంలో లానెల్లీ అనే పట్నం వుంది. అక్కడి స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులిద్దరు 1904లో అదనపు చక్రాలు తయారుచేసి అమ్మడం ప్రారంభించారు. అప్పటి కార్లతోపాటు అదనపు చక్రం ఇచ్చేవారు కాదు. ఆ వీధిపేరు మన దేశం వచ్చి స్థిరపడిపోయింది.

చక్రం విప్పేముందు నాలుగు జాగ్రత్తలు వున్నాయి. కారు చదునైన నేలమీద వుండాలి. హ్యాండుబ్రేకు వేసి, గేరులో పెట్టి, ఎత్తని వైపు చక్రాలకు రాళ్లు ఆనించాలి. చక్రం నేలమీద వున్నప్పుడే పానాతో నట్లు కాస్త వదులు చేసి, ఆ తరవాతే జాకీ ఎత్తాలి. కారు జాకీమీద వుండగా దాని కిందికి చెయ్యిగాని కాలుగాని పోనివ్వకూడదు. మనవలు చుట్టూ చేరతారు. వాళ్లకు ఏదైనా పని చెప్పి లోపలికి పంపండి.

ఇప్పుడు అసలు పని. రంగు వెయ్యడం పని కాదండీ, గోకడమే పని. ముందు సబ్బునీళ్లతో బురద, గ్రీజు పోయేలా కడగాలి. తరవాత తీగబ్రష్షుతో లేచిన పెచ్చులన్నీ రాల్చి, ఎమిరీ కాగితం పట్టుకోవాలి. ముందు గరుకుది, 80 నెంబరు, తరవాత 220, ఆఖరున 400 నెంబరు నీటికాగితం. గట్టిగా అంటుకుని వున్న పాతరంగును పూర్తిగా తియ్యనక్కరలేదు, దాని నిగనిగ చంపితే చాలు. తుప్పువున్న చోట మాత్రం తెల్లటి ఇనుము కనిపించేదాకా వదలకండి. తడిపి రుద్దడమే మేలు. పాత రంగుల్లో సీసం వుండవచ్చు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని మన ప్రభుత్వం నిబంధన చేసింది 2016లోనే; అమలులోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగు పొడిపొడిగా లేచి పిల్లల ముక్కుల్లోకి పోవడం ఎందుకు?

మా ఆవిడ చింతపండు తెచ్చింది. రాగి బిందె మెరిసినప్పుడు ఇది మెరవదా అని ఆవిడ వాదన. వాదనలో తప్పులేదు, చింతపండు పులుపుకు తుప్పు కొంత కరుగుతుంది. కాని ఆ పులుపు శుభ్రంగా కడిగి, ఆరబెట్టకపోతే రంగు కింద మళ్లీ అదే తుప్పు. నేను వాడింది దుకాణాల్లో తుప్పుమందు అని అమ్మే ఫాస్ఫారికామ్లం. అది మిగిలిన తుప్పును ఫాస్ఫేటుగా మార్చి నల్లబరుస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు వుండాలి. చింతపండు ఆ సాయంత్రం చారులోకి వెళ్లింది.

ఇనుము బయటపడ్డాక తొందరపడి డబ్బా మూత తియ్యకండి. చక్రం లోహాన్ని కళ్లారా చూసే అవకాశం మళ్లీ పదేళ్లదాకా రాదు. బోల్టు రంధ్రాల చుట్టూ, గాలికోసం వుంచిన కంతల అంచులు, వెల్డింగు చేసిన చోట్లు, వెలుతురులో తిప్పితిప్పి చూడండి. జుట్టు వెంట్రుకలాంటి గీత కనిపిస్తే అది గీతో బీటో కనుక్కోవడానికి పాతకాలపు రైల్వే వర్కుషాపుల పద్ధతి ఒకటి వుంది. అక్కడ కిరసనాయిలు రాసి పది పదిహేను నిమిషాలు వుంచాలి. కిరసనాయిలు మునుపటిలా వీధి చివర దొరకదు కనక డీజిలైనా సరే. తరవాత పొడిగుడ్డతో బాగా తుడిచి, పైన సుద్దముక్క రుద్దాలి. ఉత్త గీత అయితే సుద్ద తెల్లగా వుంటుంది. బీట అయితే లోపల దాగిన నూనె మెల్లిగా పైకి ఎక్కి సుద్దమీద నల్లటి గీత దిగుతుంది.

నా పని చూసి ఎదురింటి మాస్టారికి కూడా సరదా పుట్టింది. ఆయన కూతురిని పురిటికి రాజమండ్రినుంచి తీసుకురావాలి. అల్లుడుగారు కూడా వస్తారు కనక కారు కాస్త కళగా వుండాలని ఆయన తాపత్రయం. ఆయన ముందువైపు ఎడమ చక్రాన్ని మా అరుగుమీదే గోకాం. రెండు బోల్టు రంధ్రాల మధ్యన సన్నటి గోధుమరంగు గీత. సుద్ద రుద్ది కూర్చున్నాం. కాఫీలు తాగడం పూర్తయ్యేసరికి సుద్దమీద అంగుళం పొడుగున నల్లగీత తేలింది.

మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. “కాస్త లప్పం పెట్టి పైన రంగు కొట్టేస్తే కనపడదు కదండీ” అన్నారు చివరికి.

“కనపడదు మాస్టారూ. నట్లు బిగించేది అక్కడే” అన్నాను.

“పోనీ వెల్డింగు?”

వెల్డింగు షాపులో ఎవరైనా చేసిపెడతారు. కాని చక్రం అక్కడ మళ్లీ గట్టిపడదు. వెల్డింగు వేడికి చుట్టుపక్కల లోహం గుణం మారి, దాని పక్కనే కొత్త బీట పుడుతుంది. టైరు తియ్యకుండా రిమ్ముమీద మంట పెట్టడం మరీ ఘోరం. అలా టైర్లు పేలి మనుషులు పోయిన సంఘటనలు అనేక దేశాల్లో వున్నాయి. ఇదంతా చెప్పాను. ఆయన చక్రం ఎత్తుకుని వెళ్లిపోయారు. కోపం వచ్చిందేమో అనుకున్నాను. మూడోనాడు కొత్త రిమ్ము చంకలో పెట్టుకుని వచ్చారు. పాతదాన్ని టైరు విప్పించి, గ్యాసుతో రెండు ముక్కలు కోయించి మరీ తూకానికి వేశారట. “ముక్కలెందుకు మాస్టారూ?” అంటే, “రంగేసి ఇంకొకడికి అమ్మేస్తారండీ” అన్నారు. నిజమే. సెకండుహాండు కారు కొనేవారు అన్నీ పాతగా వుండి చక్రాలు మాత్రం తళతళలాడుతూంటే ఒకసారి వంగి చూడడం మంచిది.

ఇక రంగు. పంక్చరు షాపులో టైరు తీయించుకుంటే హాయి. లేకపోతే గాలి తీసేసి, రిమ్ముకూ టైరుకూ మధ్య పేకముక్కలు ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కేలా చుట్టూ దోపండి. ఒక కట్ట చాలు, ఇంకా మిగులుతాయి. పేకకు నేను చూసిన సద్వినియోగం ఇదొక్కటే. వాల్వుకు టేపు చుట్టాలి. అంచున సీసపు బరువులు వుంటే వాటిని తియ్యకుండా వుండడమే సుఖం. తీస్తే బ్యాలెన్సింగు మళ్లీ చేయించాలి.

టిన్నరు గుడ్డతో తుడిచాక అదేరోజు ప్రైమరు పడాలి. మా గాలికి తెల్లటి ఇనుము తెల్లారేసరికి ఎర్రబడుతుంది. ప్రైమరు రెండు పూతలు, ఆరాక వెండిరంగు మూడు పూతలు. గేట్లకు వేసే సిల్వరు పెయింటు వద్దు, చేతికి అంటుతుంది. స్ప్రే డబ్బాను రెండు నిమిషాలు బాగా కుదిపి, జానెడు దూరంలో పట్టుకుని, చెయ్యి ఆపకుండా పలచగా కొట్టాలి. ఒక్క పూతలో కప్పెయ్యాలనుకున్నవాడికి కన్నీళ్లలా ధారలు కారతాయి. పూతకూ పూతకూ పదిహేను నిమిషాలు. వానాకాలం పనికిరాదు, రంగుమీద తెల్లటి మంచు కమ్ముతుంది. నడినెత్తి ఎండా పనికిరాదు. సంక్రాంతికీ ఉగాదికీ మధ్య, పొద్దున్న ఎనిమిదినుంచి పదిదాకా మంచి ముహూర్తం. గట్టిపడే ద్రావకం కలిపి వాడే రెండు డబ్బాల రంగులు మాత్రం ఇంటికి తేవద్దు. వాటిలోని ఐసోసయనేట్లు వూపిరితిత్తులకు చేటు, ముక్కుకు గుడ్డ కట్టుకున్నా ఆగవు.

ఒక చోట రంగు అసలు పడకూడదు. చాలామంది ఇక్కడే ముచ్చటపడి నిండా పూస్తారు. నట్టు వచ్చి కూర్చునే వాలుగుంట, చక్రం వెనకవైపు హబ్బుకు ఆనుకునే భాగం, ఈ రెండుచోట్లా లోహానికి లోహం తగలాలి. మధ్యలో రంగు దళసరిగా వుంటే ఆ రోజు నట్టు గట్టిగానే బిగుస్తుంది. నాలుగు రోజులు నడిచాక నలిగి పలచబడుతుంది, నట్టు వదులవుతుంది. ఆ గుంటల్లో రంధ్రంకంటే కాస్త పెద్ద గోలీ ఒక్కొక్కటి కూర్చోబెట్టి రంగు కొట్టండి. మనవడి దగ్గర నాలుగు గోలీలు అప్పు తెచ్చాను. తిరిగి ఇచ్చేటప్పుడు వెండిగోలీలని సంబరపడ్డాడు.

చక్రం ఎక్కించేటప్పుడు నట్లు వరసగా కాక ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, జాకీ దించాక పూర్తి బిగింపు ఇవ్వాలి. తరవాత యాభైనుంచి వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడాలి. మాస్టారు రాజమండ్రి వెళ్లినరోజు, కూతురు లోపల తాంబూలం సర్దుకుంటూంటే, వియ్యాలవారి వాకిట్లో పానా పట్టుకుని నాలుగు చక్రాలూ చూసుకున్నారట. ముందు ఎడమవైపు ఒక నట్టు పావు చుట్టు తిరిగిందని ఫోను చేసి మరీ చెప్పారు.