గోడ మనదే, సెగ ఇద్దరిదీ

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న తప్పదు. బయటి గోడలకు వినైల్ సైడింగ్ వేయించాలా, ఫైబర్ సిమెంట్ వేయించాలా? ఫ్రిస్కోలో వడగళ్ల వాన పడి ఇన్సూరెన్స్ మనిషి గోడలు చూసి వెళ్లాక ఈ మాట వస్తుంది. ఎడిసన్‌లో పాత ఇల్లు కొని బాగు చేయించుకునేటప్పుడు వస్తుంది. కమ్మింగ్‌లో, క్యారీలో బిల్డర్ కాగితాలు ముందు పెట్టి ఏది కావాలో టిక్కు పెట్టమన్నప్పుడూ వస్తుంది. వెంటనే తెలిసినవాళ్లను అడుగుతాం. చదరపు అడుగుకు ఎంత పడుతుంది, ఎన్నేళ్లు మన్నుతుంది అన్న రెండు ప్రశ్నలతోనే చర్చ ముగిసిపోతుంది. రెండూ అడగాల్సినవే. కానీ అంతకంటే ముందు అడగాల్సింది పక్కింటి గోడ ఎంత దూరంలో ఉందని. వంటగదిలో ఏ రాయి వేయించుకున్నా, పడగ్గదికి ఏ రంగు కొట్టించుకున్నా అది పూర్తిగా మన ఇష్టం. బయటి గోడ సంగతి వేరు, దాని మంచిచెడ్డలు పక్కవాళ్లకూ తగులుతాయి. పదడుగుల సందు వదిలి వరసగా కట్టుకుపోతున్న కొత్త కాలనీల్లో ఫైబర్ సిమెంటే సరైన ఎంపిక అని నేననడానికి మొదటి కారణం అదే.

ఇటుక గోడలకు అలవాటు పడ్డవాళ్ల కోసం ముందు ఆ గోడ కట్టుబడి చెప్పాలి. అమెరికాలో మామూలు ఇల్లు చెక్క చట్రం మీద నిలబడుతుంది. నిలువు చెక్కల మీద ఓఎస్‌బీ పలకలు కొడతారు. చెక్క పేళ్లను జిగురుతో అదిమి చేసేవి అవి. వాన నీరు దిగకుండా వాటి మీద ఒక పొర చుట్టి, ఆపైన సైడింగ్ బిగిస్తారు. వినైల్ అంటే మన నీళ్ల గొట్టాల పీవీసీయే. 1950ల చివర్లో సైడింగ్‌గా అమ్మకానికి వచ్చింది. మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. ఫైబర్ సిమెంట్ పలక మందం దాదాపు 8 మిల్లీమీటర్లు. వంద చదరపు అడుగుల గోడకు వినైల్ పాతిక కిలోల దరిదాపుల్లో తూగితే ఫైబర్ సిమెంట్ వంద కిలోలు దాటుతుంది.

ఫైబర్ సిమెంట్ మనకు కొత్తేమీ కాదు, మన సిమెంటు రేకుకు దగ్గరి చుట్టమే. 1900 ప్రాంతంలో ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ సిమెంటులో ఆస్‌బెస్టాస్ నార కలిపి పలచటి పలకలు తీసే పద్ధతి కనిపెట్టాడు. తెలుగు ఊళ్లలో సిమెంటు రేకుల కప్పులన్నీ ఆ పద్ధతి నుంచి వచ్చినవే. ఆ నార ఊపిరితిత్తులకు చేసే హాని బయటపడ్డాక ఆస్ట్రేలియా కంపెనీ జేమ్స్ హార్డీ 1980లలో దాన్ని వదిలేసి చెక్క గుజ్జు నారకు మారింది, 1990 ప్రాంతంలో ఆ పలకలను అమెరికా ఇళ్లకు తెచ్చింది. హైదరాబాద్ కంపెనీలు కూడా ఇప్పుడు ఆస్‌బెస్టాస్ లేని బోర్డులు తయారు చేస్తున్నాయి. కాబట్టి 'ఇదీ రేకేగా, ఆరోగ్యానికి మంచిదేనా' అన్న భయం కొత్త పలక విషయంలో అక్కర్లేదు. 1980కి ముందు కట్టిన ఇల్లు కొన్నవాళ్లు మాత్రం గోడల మీది పాత సిమెంటు పెంకులను పరీక్ష చేయించకుండా పగలగొట్టించకూడదు. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది.

ఇక పక్కింటి సంగతి. వినైల్ 160 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, అంటే 71 డిగ్రీల సెల్సియస్ దాటితే, మెత్తబడడం మొదలవుతుంది. నేరుగా పడే ఎండకు గోడ అంత వేడెక్కడం అరుదు. కానీ ఇప్పటి ఇళ్ల కిటికీలకు రెండేసి అద్దాలుంటాయి, వాటికి వేడిని వెనక్కి తిప్పికొట్టే సన్నని లోహపు పూత ఉంటుంది. కరెంటు ఆదా చేసే మంచి కిటికీలే అవి. అయితే రెండద్దాల మధ్య గాలి ఒత్తిడి తగ్గినప్పుడు అద్దాలు లోపలికి కొద్దిగా వంగుతాయి. అలా వంగిన అద్దం తన మీద పడిన ఎండనంతా ఎదురుగోడ మీద ఒకే చోటికి పోగేస్తుంది. సూర్యుడు కదిలేకొద్దీ ఆ వెలుగు మచ్చ గోడ మీద పాకుతూ పోతుంది. అది పాకిన దారి పొడుగునా వినైల్ పలక అలలు తేలుతుంది, అంచులు కింది పలక కొక్కెంలోంచి ఊడి వేలాడతాయి. చాలా కంపెనీల వారంటీలు ఇలా ప్రతిఫలించిన ఎండ వల్ల వచ్చే నష్టాన్ని మినహాయిస్తాయి. కొత్త పలక వేసినా మళ్లీ అదే చోట కరుగుతుంది. దీన్ని ఆపాలంటే పక్కవాళ్లు తమ కిటికీకి బయటి వైపు జాలీ బిగించాలి. నష్టం మన గోడకు, మందు వాళ్ల కిటికీ దగ్గర. వాళ్లు చట్టప్రకారం సరైన కిటికీయే పెట్టుకున్నారు కాబట్టి తప్పు పట్టడానికీ లేదు. ఫైబర్ సిమెంట్ గోడ మీద ఆ వెలుగు పడినా పలక వంకరపోదు.

అసలు భయం ఎండ కాదు, మంట. 2021 డిసెంబరు 30న కొలరాడోలోని బౌల్డర్ కౌంటీలో చెలరేగిన మార్షల్ ఫైర్ వెయ్యికి పైగా ఇళ్లను కాల్చేసింది. అడవి మధ్యలోని ఇళ్లు కావవి, లూయిస్‌విల్, సుపీరియర్ పట్టణాల్లో వరస ఇళ్ల మామూలు కాలనీలు. పొడి గడ్డిలో పుట్టిన మంట ఇళ్ల దగ్గరికి చేరాక అక్కడినుంచి ఇల్లే పక్కింటికి అంటిస్తూ పోయింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇలాంటి వ్యాప్తిని ప్రయోగశాలలో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రచురించింది. ఆరడుగుల ఎడంలో రెండు కట్టడాలు నిలిపి ఒకదానిలో నిప్పు పెట్టారు. మంట కిటికీలోంచి బయటికొచ్చాక రెండు నిమిషాలు తిరక్కముందే ఎదుటి వినైల్ గోడ అంటుకుంది. మరి నిర్మాణ నియమాలు ఏం చేస్తున్నాయి? చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా నియమావళి ప్రకారం గోడకూ స్థలం హద్దుకూ మధ్య ఐదడుగులుంటే చాలు, ఆ గోడకు మంటను తట్టుకునే ప్రత్యేక కట్టుబడి అక్కర్లేదు. అటు ఐదు, ఇటు ఐదు, మొత్తం పదడుగులు. మన కొత్త కాలనీల్లో చాలాచోట్ల ఉన్న ఎడం సరిగ్గా ఇదే. అంటే నియమం ఆగిపోయిన చోట ఇంటి యజమాని ఎంపిక మొదలవుతుంది.

దీనికి వినైల్ కంపెనీల జవాబు ఉంది, బలమైనదే. పీవీసీలో క్లోరిన్ ఎక్కువ కాబట్టి అది చెక్కంత తేలిగ్గా అంటుకోదు, తనంతట తాను మండుతూ పోదు అంటారు. నిజమే. కానీ గోడకు ప్రమాదం వినైల్ మండడంతో కాదు, కరిగి జారిపోవడంతో వస్తుంది. అది జారిపోయిన మరుక్షణం ఓఎస్‌బీ చెక్క నేరుగా సెగకు ఎదురవుతుంది. ఇంకో జవాబు కూడా ఉంది, అది మరింత నిజం. ఫైబర్ సిమెంట్ తాను మండకపోయినా వేడిని వెనక్కి పోనివ్వకుండా పూర్తిగా ఆపలేదు, కిటికీ అద్దం పగిలితే మంట అక్కడినుంచే లోపలికొస్తుంది. నిస్ట్ ప్రయోగంలోనే వినైల్ వెనక మంటను తట్టుకునే జిప్సం బోర్డు పెట్టినప్పుడు గోడ ఇంకా చాలాసేపు నిలిచింది. కాబట్టి వినైలే కావాలనుకునేవాళ్లు పక్కింటి వైపు గోడల్లో జిప్సం బోర్డు పెట్టించుకుంటే వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ వినైల్ ఎంచుకునేది ఖర్చు తగ్గుతుందని. జిప్సం కలిపితే ఆ తగ్గింపులో చాలావరకు పోతుంది.

ఖర్చు లెక్క కూడా అనుకున్నంత ఏకపక్షం కాదు. మరమ్మతులకు పెట్టిన డబ్బు ఇల్లు అమ్మినప్పుడు ఎంత తిరిగొస్తుందో లెక్కగట్టే 'కాస్ట్ వర్సెస్ వాల్యూ' నివేదిక ప్రకారం 2024లో అమెరికా సగటున సైడింగ్ మార్చడానికి వినైల్‌కు 17,410 డాలర్లు, ఫైబర్ సిమెంట్‌కు 20,619 డాలర్లు అయ్యాయి. అమ్మకంలో తిరిగొచ్చే విలువ వినైల్‌కు 13,957, ఫైబర్ సిమెంట్‌కు 18,230. చేతిలోంచి అసలు పోయేది వినైల్‌కు 3,453 డాలర్లయితే ఫైబర్ సిమెంట్‌కు 2,389 డాలర్లే. సగటు లెక్క మన వీధికి అలాగే వర్తించదు. కాంట్రాక్టర్లు చెప్పే ధరల్లో తేడా చాలాచోట్ల దీనికంటే ఎక్కువే ఉంటుంది. పైగా ఫైబర్ సిమెంట్‌కు పది పదిహేనేళ్లకోసారి రంగు వేయించాలి, ఇప్పటి కూలీ రేట్లలో అది వేల డాలర్ల పని. ఇరవై ఏళ్లు అక్కడే ఉండేవాళ్లకు ఆ ఖర్చు తగులుతుంది. వినైల్‌కు ఆ బాధ లేదు, కానీ ఎండకు వెలిసిపోతుంది. పదేళ్ల తర్వాత రెండు పలకలు విరిగితే కలిసే రంగు దొరకదు. ముదురు రంగు కొట్టిద్దామంటే ఆ రంగు వేడిని పీల్చి పలకనే వంచేస్తుంది. మొత్తం మీద డబ్బు లెక్క ఎటూ తేల్చదని నా అంచనా. అది తేల్చని చోట పక్కింటి దూరమే తేల్చాలి.

వినైల్‌కు సరైన చోటు లేదని అనడం లేదు. చుట్టూ ముప్ఫై నలభై అడుగుల ఖాళీ ఉన్న ఇంటికి వినైల్ వేయించుకోవడంలో తప్పేమీ లేదు. అది కుళ్లదు, చెదలు ముట్టవు, వెనక చేరిన తడి కింది రంధ్రాల్లోంచి కారిపోతుంది. గడ్డకట్టే చలిలో పెళుసుబారి దెబ్బకు పగలడం దాని లోపం. పర్యావరణం మాటకొస్తే ఇద్దరి చేతులకూ మసి అంటింది. ఫైబర్ సిమెంట్‌లో సిమెంటు ఉంది. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో 7, 8 శాతం సిమెంటు తయారీదే. తక్కువ బరువుతో గోడ కప్పే వినైల్ ఆ లెక్కలో ముందుంటుందన్న వాదనను కొట్టిపారేయలేం. మరోపక్క పీవీసీకి ముడిసరుకైన వినైల్ క్లోరైడ్ మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే రసాయనం. 1974లో కెంటకీలోని ఒక ఫ్యాక్టరీ కార్మికుల్లో అరుదైన కాలేయ క్యాన్సర్ బయటపడింది. 2023 ఫిబ్రవరిలో ఒహాయోలోని ఈస్ట్ పాలస్తీన్‌లో గూడ్సు రైలు పట్టాలు తప్పి, వినైల్ క్లోరైడ్ ట్యాంకర్లను అధికారులే కాల్పించేశారు. గోడకు బిగించిన వినైల్ ఇంట్లోవాళ్లకు ఆ హాని చేయదు. దాని తయారీ దగ్గర ఉండేవాళ్లకు మాత్రం ఆ ముప్పు నిజమైనది.

ఫైబర్ సిమెంట్ బిగించేవాళ్లకూ ముప్పుంది, దీన్ని మనం చేతులారా తగ్గించగలం. ఈ పలకను మామూలు రంపంతో కోస్తే తెల్లటి దుమ్ము లేస్తుంది. అందులోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. గాలిలో దాని సగటు ఎనిమిది గంటల పనిలో ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములు దాటకూడదని 2016లో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా నియమం పెట్టింది. దుమ్ము పీల్చే యంత్రం అమర్చిన రంపం వాడాలి, లేదంటే దుమ్ము లేవకుండా తుంచే కత్తెర వాడాలి. మన పెరట్లో ముక్కుకు గుడ్డ కూడా లేకుండా ఒక మనిషి పలకలు కోస్తుంటే అది కాంట్రాక్టర్ వ్యవహారమని ఊరుకోకూడదు. ఒప్పందంలోనే ఈ షరతు రాయించవచ్చు.

బిగింపు చెడితే మంచి సరుకూ చెడుతుంది. పన్నెండడుగుల వినైల్ పలక చలికీ ఎండకూ మధ్య అర అంగుళం దాకా సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకే దానికి పొడవాటి చీలికలు పెడతారు. మేకు ఆ చీలిక మధ్యలో దిగాలి, తలకీ పలకకీ నడుమ ఒక డైమ్ నాణెం మందం ఖాళీ ఉండాలి. గట్టిగా కొట్టేస్తే తొలి వేసవికే పలక ఉబ్బుతుంది. ఫైబర్ సిమెంట్ పలకకు కోసిన అంచులన్నింటికీ రంగు పట్టించాలి, నేలకు ఆరంగుళాలు, కింది కప్పుకు రెండంగుళాలు ఎడం వదలాలి. అలా చేయకపోతే అంచులు నీరు పీల్చి ఉబ్బి పొరలు పొరలుగా ఊడతాయి. పలకలే నాసిరకం కావడమూ జరిగింది. ఒక పెద్ద కంపెనీ ఫైబర్ సిమెంట్ పలకలు కుంచించుకుపోయి పగుళ్లిచ్చాయని ఇళ్లవాళ్లు కోర్టుకెక్కితే 10 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందంతో ఆ కేసు ముగిసింది. ఫైబర్ సిమెంట్ అన్న పేరు చూసి కళ్లు మూసుకుని సంతకం పెట్టొద్దని చెప్పడానికే ఇదంతా.

ఇన్ని చెప్పినా 'నా ఇల్లు, నా ఇష్టం' అనే అభ్యంతరం మిగిలే ఉంటుంది. టెక్సస్ చట్టం ఆ పక్షమే వహించింది. బయటి గోడలకు ఇటుకో రాయో ఉండాలని అక్కడి నగరాలు చాలాకాలం పట్టుబట్టేవి. 2019 సెప్టెంబరు నుంచి అమలైన హెచ్‌బీ 2439 చట్టం ఆ అధికారాన్ని తీసేసింది. జాతీయ నమూనా నియమావళి ఒప్పుకున్న సరుకును నగరం కాదనకూడదు. ఇంటి ధర తగ్గాలన్నది ఆ చట్టం వెనకున్న వాదన, అది అన్యాయమైన వాదన కాదు. నగరాలు అందం కోసం పెట్టిన నిబంధనలు తక్కువ ఆదాయం వాళ్లను దూరం పెట్టడానికి ఉపయోగపడ్డ మాట నిజం. కానీ ఆ ఊపులో భద్రత కోసం పెట్టగల నిబంధన కూడా కొట్టుకుపోయింది. ఇప్పుడు మిగిలింది కాలనీల్లోని ఇంటి యజమానుల సంఘాలు, అంటే హెచ్‌ఓఏలు. వాటి కమిటీల్లో తెలుగువాళ్లు కూడా కూర్చుంటున్నారు. గ్యారేజీ తలుపు రంగు మీద, చెత్తడబ్బా ఎక్కడ పెట్టారన్న దాని మీద గంటలు చర్చించే కమిటీలు పక్కింటికి ఎదురుగా ఉన్న గోడ దేనితో కట్టారో ఒక్క సమావేశంలో చర్చకు పెట్టవచ్చు. కొత్త ఇళ్లకే కాదు, వడగళ్లకు దెబ్బతిని సైడింగ్ మార్చుకునే పాత ఇళ్లకూ ఆ నియమం రాసుకోవచ్చు.

నాలుగు గోడలకూ ఫైబర్ సిమెంట్ పెట్టే స్తోమత అందరికీ ఉండదు. బిల్డర్లు చాలాచోట్ల వీధి వైపు గోడకు ఖరీదైనది వేసి, పక్కలకూ వెనకకూ చవకది వేస్తారు. ముందు గోడ ఫోటోలో పడుతుంది కాబట్టి. డబ్బు కొద్దిగానే ఉంటే ఈ వరసను తిరగేయాలి. పక్కింటికి ఎదురుగా ఉన్న రెండు గోడలకు ఫైబర్ సిమెంట్ వేయించి, వీధి వైపూ పెరడు వైపూ వినైల్‌తో సరిపెట్టుకోవచ్చు. ధర అడిగేటప్పుడే గోడ గోడకూ విడివిడిగా రాసివ్వమంటే కాంట్రాక్టర్ ఇస్తాడు.